అంటు

గేటు దాటగానే గాజులు తీస్తాను.
ఎడమ చేతివి నాలుగు, కుడి చేతివి మూడు.
ఎనిమిదోది మొన్న పెరంబూరు బస్సులో పగిలింది.
టిఫిన్ డబ్బా మూతలో పెట్టి
లాకరుకి తాళం వేస్తాను.
మోచేతి కింద ఏమీ ఉండకూడదు,
వాచీ, ఉంగరం, గంగమ్మ తాడు, ఏమీ.
బోసి చేతులతో పొద్దున్నే ఏం పనే అని
మా అత్త గొణుగుతుంది.
ఈ పనే, అత్తా.

మొదటి మంచం కనకవల్లి గారిది.
ముఖానికి ఒక గుడ్డ, కిందికి వేరే గుడ్డ.
తుడిచేది ముందు నుంచి వెనక్కి,
ఎంత తొందరున్నా వెనక నుంచి ముందుకి కాదు.
ఆవిడ కళ్ళు మూసుకుంటుంది.
నేను గోడ మీది క్యాలెండరుతో
టమాటాల ధర మాట్లాడతాను.
సిగ్గు మీద కప్పడానికి
అంతకంటే మంచి దుప్పటి దొరకలేదు.

గ్లౌజులు తిరగేసి తీసి, మళ్ళీ సింకు దగ్గరికి.
తొడుగు ఉండగా కడగడం ఎందుకని
కొత్తలో నేనూ అడిగాను.
బ్లెస్సీ సిస్టర్ జవాబు చెప్పలేదు.
అరచేతిలో ఏదో పొడి పోసి రుద్దుకోమంది,
కడుక్కోమంది,
స్టోరు గదిలో లైటార్పి
నీలం దీపం కింద చాపమంది.
బొటనవేళ్ళ మొదట్లో, గోళ్ళ అంచుల్లో, వేళ్ళ సందుల్లో
అలాగే మెరుస్తూ ఉంది.
ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు
అన్నం కలుపుతూ
చేతుల వంక చూసుకున్నాను.

పోయిన మే నెల, నీళ్ళ లారీ రాని వారం
మూడో గదిలో ఒకరికి విరేచనాలు.
మర్నాటికి ఐదో గదిలో ఇద్దరికి.
మధ్యలో గోడలున్నాయి, మూసిన తలుపులున్నాయి,
మంచం దిగగలిగిన వాళ్ళు ఒక్కరూ లేరు.
మరి నడిచి వెళ్ళిందెవరు?
ఈ రోగానికి సీసాలో మందు చాలదు,
సబ్బూ నీళ్ళే కావాలంది సిస్టర్.
బకెట్లో నీళ్ళు అడుగంటాయి.
ఆ రెండు గదుల మధ్య
నేను చేతులు కడిగానా?
ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.
శేషాద్రి గారి మంచం మీద పరుపు ఎండకేశారు.
ఎవరూ నా పేరెత్తలేదు.
ఎత్తి ఉంటే మరిచిపోయేదాన్నేమో.

మా తాత ఈ ఊరికి దొడ్లు ఎత్తడానికి వచ్చాడు.
దాహమేస్తే దోసిలి పట్టేవాడట,
చెంబు తగలకుండా పైనుంచి పోసేవారట,
సగం నీళ్ళు మోచేతుల మీదుగా నేలపాలు.
దాన్నీ అంటు అనే అన్నారు.
చేరిన రోజు కనకవల్లి గారు కూడా
మీరేమిట్లమ్మా అని అడిగింది.
అటెండర్లమండీ అన్నాను.

నిన్న పెద్ద డాక్టరు రౌండుకొచ్చాడు.
పక్క మంచం మనిషి పుండు నొక్కి చూసి
అదే చేత్తో ఆవిడ యూరిన్ గొట్టం వైపు వంగాడు.
నా నోట్లోంచి వచ్చేసింది:
సార్, చేతులు.

ఫ్యాను తప్ప ఏదీ కదల్లేదు.
సిస్టర్ ఫైల్లోకి చూస్తోంది.
ఈ నెల జీతం ఎంత పట్టుకుంటారో
నేను లెక్కేసుకుంటున్నాను.
ఆయన సింకు దగ్గరికి వెళ్ళాడు.
మా ఉప్పునీళ్ళకి నురగ రాక
రుద్దాడు, రుద్దాడు.
బొటనవేళ్ళు మరిచిపోయాడు.
అది చెప్పలేదు, ఒక రోజుకి ఒకటి చాలు.

ఆయన వెళ్ళాక కనకవల్లి గారు
నా చెయ్యి పట్టుకుంది.
గ్లౌజు లేదు, పగుళ్ళే.
గరుగ్గా ఉందే అంది.
రోజుకి ఎనభైసార్లండీ అన్నాను.
ఇంకేమీ అనలేదు, వదల్లేదు కూడా.
కాసేపాగి బేసిన్ తెచ్చి
ముందు ఆవిడ చేతులు కడిగాను,
ఆ తర్వాత నావి.

సాయంత్రం గాజులు తొడుగుతుంటే
పగుళ్ళలో గీసుకున్నాయి.
ఏడే.
ఎనిమిదోది కొనుక్కోవాలి.