తిలారులో సున్నపు గీత

ఎనిమిది పెట్టెలా, పన్నెండా
తేల్చుకు రమ్మని
నన్ను తిలారు పంపారు.
చేతిలో అట్ట, అట్ట మీద ఫారం,
జేబులో టేపు, మెడలో స్టాప్‌వాచీ.
మార్గశిరం. పట్టాల మీద మంచు ఇంకా లేవలేదు.

ఎక్కినవాళ్లు ముప్ఫై ఒకరు.
దిగినవాళ్లు నలుగురు.
ఫారం అడిగింది అంతే.

ఆ ముప్ఫై ఒకరిలో పద్దెనిమిది మంది నెత్తి మీద
ఇంకో మనిషికి సగం బరువుంది.
వంకాయలు, మునక్కాడలు,
తడిగోనె కప్పిన తోటకూర,
ఒక ముసలాయన బుట్టలో అరుస్తున్న కోడిపిల్లలు.
వాటికి గడి లేదు.

నేల నుంచి పెట్టె మెట్టుకి టేపు పెట్టాను.
మోకాలు దాటింది.
అంకె మాత్రం సెంటీమీటర్లలో వేశాను,
సెంటీమీటర్లకి నొప్పులుండవు.

"ఏటి కొలుస్తన్నావు బాబూ?"
బెండి దాలమ్మ.
అడ్డపొగ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే అడిగింది.

కొత్త బండి వస్తోందన్నాను.
ముందు ఇంజనుండదు, పెట్టె కిందే మోటారు,
చటుక్కున అందుకుంటుంది, చటుక్కున ఆగుతుంది,
ఇజీనారానికి పదకొండు నిమిషాలు కలిసొస్తాయి.

"కలిసొచ్చిన నిమిసాలు ఎవులికిస్తారు?"

నేను టేపు చుట్టుకున్నాను.

"గంపెత్తడానికి ఒక మనిసి కావాల.
లోపల్నుంచి అందుకోడానికి ఇంకొకలు.
బండంటే అది.
మోటారు ఎక్కడుంటే నాకేటి?"

బండి వచ్చింది. స్టాప్‌వాచీ నొక్కాను.
ఒక్కో గంపకి తొమ్మిది సెకన్లు.
అందరూ ఎగబడే తలుపులు రెండు.
ఆగేది ఒక్క నిమిషం.
కాగితం మీద ఈ లెక్క కుదరదు.
కానీ రోజూ కుదురుతోంది.
ఎందుకంటే గార్డు ముద్దాడ ఢిల్లేశ్వర్రావు
పచ్చజెండా విప్పి, మళ్లీ చుట్టి,
వంగి
బూటు లేసు కట్టుకుంటాడు.

ఏ టైంటేబుల్లోనూ లేని లేసు.
రాస్తే ఆయన ఉద్యోగానికి చేటు,
రాయకపోతే తిలారుకి.
రాయలేదు.
పన్నెండు పెట్టెలు కావాలని మాత్రం రాశాను,
రెండు నిమిషాలు ఆగాలని రాశాను,
కింద రెండు గీతలు కొట్టాను.

వాల్తేరు ఆఫీసులో ఆ కాగితం చూసి
పెద్దాయన నవ్వాడు, మంచివాడే.
"షెడ్డులో ఉన్నవి ఎనిమిది.
నువ్వు లెక్కపెట్టడానికి వెళ్లకముందే
ఎనిమిది."

ఉగాది దాటాక మళ్లీ వెళ్లాను, పని లేకుండానే.
బండి పొట్టిదయింది, ప్లాట్‌ఫారం పొడుగు మిగిలింది.
మొదటి వారమంతా
ఆడవాళ్లు గంపలతో పరుగెత్తారట.
రాగోలప్పడు కింద పడ్డాడట,
కోడిపిల్లలు ఊరవతల దాకా పోయాయట.

"తలుపు మాత్రం బాగుంది," అంది దాలమ్మ,
న్యాయం చెప్పాలి కదా అన్నట్టు.
"గంప వంచక్కర్నేదు. సక్కా ఎల్తాది."

ఆమె నిలబడ్డ చోట, రాతి అంచు మీద
కిళ్లీ సున్నంతో ఒక గీత.
కొంచెం అవతల ఇంకొకటి. దాని తర్వాత ఇంకొకటి.
తలుపు ఎక్కడాగుతుందో
ఎనిమిది రోజులు చూసి గీసిందట.
వానొస్తే మళ్లీ గీస్తాదట.

బండి వచ్చింది.
గీతకి జానెడు అవతల ఆగింది.
కొత్త గార్డు కుర్రవాడు. బూట్లకి లేసుల్లేవు.
నా గుండె ఒకసారి జారింది.

అతను విజిల్ నోటి దాకా తెచ్చాడు.
ఊదలేదు.
అందులో ఏదో దుమ్ము పడ్డట్టు
చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు,
మెల్లగా,
చాలా శుభ్రమైన విజిల్‌ని.