కుటుంబంలో ఇంకెవరికైనా?

నల్లకుంటలో, మందుల దుకాణం మీద రెండో అంతస్తు.
డాక్టరమ్మ నాలుగు పేజీల కాగితం ఇచ్చింది,
నింపమన్నది.
బ్యాగులో మూడు పెన్నులుండాలె.
దొరికినవి: ఒక జాకెట్ గుండీ, కరిగిన చాక్లెట్,
పోయిందనుకొని మారుది చేయించిన ఇంటి తాళంచెవి.

నైమిష కుర్చీలో లేదు.
కుర్చీ కింద ఉన్నది, టైల్స్ లెక్కపెడుతూ.
నలభై ఒకటి దగ్గర ఫ్యాను పిలిచింది,
ఫ్యాను దగ్గరి నుంచి కిటికీ,
కిటికీలో ఉప్పల్ బస్సు.

బడి వాళ్లు పంపిన చీటీ: "తెలివైన పిల్ల, కానీ."
ఆ కానీ తర్వాత ఆరు వాక్యాలు.
నోటుబుక్కు ఇంట్లో, టిఫిన్ డబ్బా ఆటోలో,
ప్రశ్న పూర్తికాకముందే జవాబు,
జవాబు పూర్తికాకముందే ఇంకో ముచ్చట.

రక్తం తీస్తరనుకున్న,
తలకు తీగలు పెడతరనుకున్న.
అసొంటిదేం లేదంట.
చెవులు చూసిండ్రు, కండ్లు చూసిండ్రు,
నిద్ర ఎట్లున్నదని అడిగిండ్రు.
అవేవీ కావని తేలినంక
మిగిలింది ఈ కాగితమే.
ఇంట్లోనా, బడిలోనా, రెండు చోట్లా?
ఈ మధ్యనా, చిన్నప్పటి నుంచా?
ఒక్కో వాక్యం పక్కన నాలుగు గడులు:
ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు,
తరచుగా, చాలా తరచుగా.

'మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తుంది.'
టిక్కు పెట్టబోయి ఆగిన.
మిషను మీద సగం జిప్పు పడ్డ లంగా ఉన్నది,
ఎల్లుండే వాళ్ల ఫంక్షన్.
'వస్తువులు పోగొట్టుకుంటుంది.'
తాళంచెవి నా ఒళ్లోనే ఉన్నది.
'పిలిస్తే విననట్టు కనిపిస్తుంది.'
డాక్టరమ్మ అప్పటికే రెండుసార్లు పిలిచిందంట నన్ను.

చిన్నప్పుడు నాకెవరూ నాలుగు గడులు ఇయ్యలే.
ఒకటే గడి ఉండేది: కావాలని చేస్తది.
పెన్సిల్ డబ్బా పోయిన ప్రతిసారి
అమ్మ అట్లకాడతోని ఆ గడి నింపింది.

మూడో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో:
'కుటుంబంలో ఇంకెవరికైనా?'

బాలకిషన్ వాచ్ వర్క్స్, సుల్తాన్ బజార్, మెట్ల కింద కొట్టు.
మా నాయిన ఒకేసారి పదకొండు గడియారాలు విప్పేటోడు.
అందులో ఒక్కటి, ఎవరూ అడగని పాత టైంపీసు,
దాన్ని పట్టుకుంటే అన్నం మరిచేటోడు,
ట్యూషన్ దగ్గర నన్ను మరిచేటోడు.
మిగతా పదింటికీ "కల్ ఆవ్ సాబ్."
బజారంతా ఆయన్ని కల్ కిషన్ అనేది.
గోడ నిండ గడియారాలు,
నేను పుట్టిన నాడు దవాఖానకు
మూడు గంటలు ఆలస్యంగ వచ్చిండు,
చేతిలో ఎవరిదో వాచీ స్ప్రింగుతోని.

ఆయన పోయి తొమ్మిదేండ్లు.
రాయొచ్చా అని అడిగిన.
"లేనివాళ్లకు నేను పేరు పెట్టలేనమ్మా,
కానీ రాయండి" అన్నది.
తాత, అని రాసిన. పక్కన చానాసేపు పెన్ను ఆపి,
తల్లి, అని రాసిన.

బడి కాగితం, ఇంటి కాగితం పక్కపక్కన పెట్టి చదివి
చివరికి నాలుగు పొడి అక్షరాలు చెప్పింది: ఏడీహెచ్‌డీ.
"పిల్లకా, నాకా?"
"ఇవ్వాళ పిల్లకు. పెద్దల కాగితం వేరే ఉంటది,
పై బేస్తవారం రండి, మర్చిపోకుండ" అని
ఆగి, నా మొకం చూసి,
నా ఫోను తీసుకొని అలారం తనే పెట్టింది.

మెట్లు దిగినంక యాదికొచ్చింది,
ఫైలు కుర్చీలోనే ఉన్నది.
"నేను తెస్త" అని నైమిష ఉరికింది.
చానాసేపటికి వచ్చింది ఉత్త చేతులతో,
మొకం వెలిగిపోతున్నది:
"అమ్మా, టైల్స్ మొత్తం నూట పన్నెండు!"

ఇద్దరం కలిసి మళ్ల ఎక్కినం.