నడవడిక

చేరిన రోజు పొద్దున పదిన్నరకి
సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో
నా పుట్టుమచ్చలు రాసుకున్నారు.
కుడి మోచేతి కింద ఒకటి,
మెడ వెనక, జడ చాటున ఒకటి.
అమ్మకి తప్ప తెలియని ఆ రెండోదాన్ని
సూపర్నెంటు పట్నాయక్ గారు
నీలం సిరాతో, తల ఎత్తకుండా రాసేశారు.
"ఇవి మారవు కదమ్మా, అందుకు సిరా."
మారేవి పెన్సిలుతో రాస్తారట.
నా ఉద్యోగం పెన్సిలుతో రాశారు.

మూడేళ్ళ నిడివిలో
డ్యూటీ మీద రెండేళ్ళు.
డెంగీ జ్వరం పదకొండు రోజులు మింగేసింది,
అవి చివర్లో కలుపుకోవాలి.
బ్యాంకు మేనేజరు స్కూటీ లోను కాగితాలు
మెల్లగా నా వైపే జరిపాడు,
"డిక్లేర్ అయ్యాక రండి."
డిపార్టుమెంటు పరీక్ష రెండోసారికి గట్టెక్కాను.
గొలుసు లాగే చేతులకి
ఖజానా సెక్షన్లు ఎందుకని అడగలేదు.
అడక్కపోవడం కూడా నడవడికే.

నా నడవడిక రాయవలసినవాళ్ళు
నా నడక ఒక్కరోజూ చూడలేదు.
జలుమూరు బస్సు దిగి
వంశధార గట్టు మీద మూడు మైళ్ళు,
భుజాన యంత్రం,
వెనక ముక్కాలిపీట మోస్తూ
చైన్‌మాన్ కూర్మయ్య, అతని దగ్గు.

ఆ వేళ తవిటయ్య పొలం.
టిప్పనులో ఎకరా డెబ్భైమూడు సెంట్లు.
మూడు రాళ్ళు దొరికాయి.
నాలుగోదాని కోసం
నడుంలోతు నీళ్ళలో దిగి
కూర్మయ్య గెడ కర్రతో పొడిచి చూశాడు.
రాయి ఉండవలసిన చోట
ఏరు తాపీగా పోతోంది.

గట్టు మీద చుట్ట వెలిగించుకుని
తవిటయ్య అడిగాడు:
"ఏటమ్మా, నీ ఉజ్జోగం ఇంకా కాయం అవనేదంట?"
"లేదు తాతా. ఆర్డరు రావాల."
"ఎవులిత్తారు?"
"పైవాళ్ళు."
అతను ఏటి వైపు గెడ్డం ఎత్తాడు.
"నా పైవోల్లు అదిగో.
ఏటేటా తనికీకొత్తాది.
బాదరపదంలో వచ్చి ఓ మడి రాసుకుపోతాది.
నలబయ్యేల్లయింది,
నన్నింకా కాయం సెయ్యనేదు."

నవ్వాను.
కూర్మయ్య నవ్వలేదు, తడి పంచె పిండుకున్నాడు.
పాతికేళ్ళుగా రోజుకూలి మీద ఉన్నాడు,
అతని పుట్టుమచ్చలు ఏ రిజిస్టరులోనూ లేవు.

ఫారంలో ఒకటే గడి మిగిలింది.
భూమి ఉంది అంటే అబద్ధం.
లేదు అంటే
అతని పాసు పుస్తకంలో అరవై సెంట్లు
నా చేత్తోనే ఏట్లో కలిపినట్టు.
చాలాసేపు క్యాపు తీసి పెట్టుకుంటూ
చివరికి రాశాను:
నాలుగో రాయి ఏటిలో ఉంది.
ఏరు రైతు పొలంలో ఉంది.

మూడు రోజుల్లో మెమో వచ్చింది.
సదరు రిమార్కు ఏ నిబంధన ప్రకారం రాశారో
లిఖితపూర్వకంగా తెలపవలెను.
పట్నాయక్ గారు కళ్ళజోడు తుడుచుకుని
గొంతు తగ్గించారు.
"నీ డిక్లరేషను ఫైలు ఇప్పుడే కదిలిందమ్మా.
ఆ రెండు ముక్కలు చెరిపేసి
'పరిశీలనలో ఉన్నది' అని రాసెయ్.
ఎవరికీ నష్టం ఉండదు."
సొరుగులోంచి తెల్ల రబ్బరు తీసి
నా ముందు పెట్టారు కూడా, పాపం.

"సిరాతో రాశానండి," అన్నాను.

తరవాత ఆయన ఏమీ అనలేదు.
ఫైలు కట్టకి తాడు చుట్టి
పక్క బల్ల మీదికి జరిపారు.
అది ఎటు పోయే బల్లో
నాకింకా తెలీదు.

మాఘం వచ్చింది. ఏరు సన్నబడింది.
నాలుగో రాయి మీదుగా ఇసక తేలితే
తవిటయ్య అక్కడ దోసపాదులు పెట్టాడు.
మొదటి కోత నీకే, రెండు కాయలు, అని
కూర్మయ్యతో కబురు పంపాడు.

తీసుకోవచ్చో లేదో
రూల్సు పుస్తకం చూడాలి.