రెండో భాగం

గ్రిమ్స్‌బీలో మూతపడ్డ చేపల షెడ్డే
గ్రహాంతర నౌక.
మొదటి భాగంలో పేలిపోయింది కదా అని
ఎవరూ అడగలేదు.
అద్దె వారానికే కట్టారు.

వాల్‌పేపర్ జిగురులో పచ్చరంగు పోసి
మోరీన్ నెత్తురు కాస్తోంది.

సగం మనిషి, సగం ఇంకేదో:
టామ్సిన్, తొమ్మిదేళ్ళు, మెడకి రబ్బరు మొప్పలు.
ఊపిరాడనట్టు గింజుకోమంటే గింజుకోదు.
"ఆడుతోందిగా" అంటుంది.
ఆరో టేకుకి ఉన్న ఒక్క లైటూ మాడిపోయింది.

మొప్పలు తీయనివ్వలేదు, అలాగే బస్సెక్కింది.
డ్రైవరు ఎగాదిగా చూసి
అర టికెట్టు కొట్టాడు.

వాన. పక్క సీట్లో మోరీన్,
ఒళ్ళో జిగురు ఎండిన చేతులు.
పిల్ల ముక్కు మూసుకుని, పెదాలు బిగించి
నవ్వుతోంది, ఒక స్టాపు, రెండు స్టాపులు.

తను అతికించిన రబ్బరే.
మూడో స్టాపు దగ్గర
మెల్లగా తెరుచుకుంది.