కింది ఏడు మెట్లు

శ్మశానం గోడ మీద కాశీ వెయ్యమన్నారు.
కట్టెలకి చీటీ రాయించుకుని జనం కూచునే చోట,
పద్దెనిమిది అడుగుల గోడ.
రేటు మాట్లాడలేదు. అక్కడ బేరమాడ్డానికి నోరు రాలేదు.

ఫ్లెక్సీలొచ్చాక నా కుంచెలు
షట్టర్ల మీద ఫోన్ నంబర్లు రాసుకుంటున్నాయి.
కాశీ నేను చూళ్లేదు.
కురుపాం మార్కెట్లో నూనె కొట్టువాడి కేలెండరొకటి
మేకుకి తగిలించి మొదలెట్టేను.
పైన గోపురాలు, తాటాకు గొడుగులు,
ఏ రాజు కట్టించేడో ఆ కోట గోడ,
అన్నీ కుదిరేయి.
మెట్లు దిగుతా దిగుతా ఉంటే
సగంలో కొట్టువాడి పేరొచ్చింది,
దాని కింద తారీఖులు.
నీళ్లు రాయిని ఎక్కడ తాకుతాయో
ఆ ముక్క కేలెండర్లో లేదు.

మెట్లు వదిలేసి ముందు నీళ్లు వేసేను.
టీ పట్టుకొచ్చిన నూకరత్నం
గ్లాసు కింద పెట్టకుండానే నవ్వింది.
"ఏటి బావూ, గంగకి కెరటాలేటి?
మన చెంగల్రావుపేట రేవునాగుంది."
చూస్తే నిజమే. నురగ. తెల్లంచు.
పడవలక్కూడా తెప్పల ముక్కులు.
యాభయ్యేళ్లు ఒకే నీళ్లు చూసిన చెయ్యి
ఇంకో నీళ్లెలా వేస్తుంది?

ఆవిడ వెళ్లొచ్చింది. పోర్టులో కళాసీ, మొగుడు.
ఉప్పునీళ్లు చాలు నాకు, అన్నాడట పోయేముందు.
రాగి చెంబు ఒళ్లో పెట్టుకుని
రెండు రాత్రుల రైలు.
"ఎన్ని మెట్లు?" అడిగేను.
"నెక్కెట్టనేదు. నా కాళ్లే సూసుకున్నాను.
కిందవి ఏడో ఎనిమిదో పాచి పట్టీసున్నాయి.
ఒకదాని మీద జారేను.
పడవోడు సెయ్యట్టుకున్నాడు.
సెంబు మాత్రం ఒగ్గనేదు."
"రంగు?"
కాసేపు ఆలోచించింది.
"మాడిన పెనం."

ఏడే వేసేను, ఎనిమిదోదానికి గోడ లేదు.
పసుపు మట్టి, కాస్త ఇటుక, నలుపు తక్కువ.
పెనం రాలేదు.
తడి ఆరకుండానే చీకటి పడిపోయింది.

తెల్లారి చూద్దును కదా
రాత్రంతా హార్బరు వైపు నుంచి గాలి.
రేవులో కుప్పలేసిన బొగ్గు
వన్‌టౌన్లో ఆరేసిన బట్టని, మూతలేని గిన్నెని
ఎలా వదలదో
నా మెట్లనీ అలాగే వదల్లేదు.
ఆరని రంగు మీద పొడిపొడిగా వాలి
కుంచె గీతల సందుల్లోకి దిగి
నిన్నటి మెట్లకి మూడొందలేళ్లు పెట్టేసింది.
"తుడిచెయ్, కొత్త గోడది" అన్నాడు సెక్రటరీ.
గుడ్డ తీసుకున్నాను కూడా.

నూకరత్నం గ్లాసుల తట్ట దించి
గోడ దగ్గరికొచ్చింది.
చెప్పులెప్పుడు విడిచిందో చూళ్లేదు.
కింది నుంచి మూడో మెట్టు మీద
చూపుడువేలు ఆన్చి
"ఇక్కడ" అంది.
వేలికి నల్లగా అంటుకుంది.
కొంగుకి రాసుకోలేదు.

గుడ్డ జేబులో కుక్కుకుని
నీళ్ల పని ఇంకా ఉందని సెక్రటరీకి చెప్పేను.
ఆ కెరటాలు చెరిపేసరికే
సాయంత్రమైంది.