సగం లోతు

ఫర్వానియాలో మూడో అంతస్తు, పార్టిషన్ గది.
ఊరెళ్ళిపోతున్న మారిటెస్ దగ్గర
పద్దెనిమిది దినార్లకు కొన్నాను ఈ కటింగ్ మిషన్‌ని.
మంచం కిందికి జరిపితే పడుతుంది.
మూత తెరిస్తే మాత్రం
మా ఆయన కాళ్ళు ముడుచుకోవాలి.

పగలంతా ఏసీ డక్టులకు రేకులు కత్తిరించే మనిషి,
బ్లేడు చూసి నవ్వాడు ఓబులేసు:
"దోమకు క్షవరం చేస్తావా దీంతో?"
నవ్వి, చేతులు కడుక్కొచ్చి పక్కన కూర్చున్నాడు.
"ముందు మూలన చిన్న తునక కోసి చూడు.
రేకుకు రెండో జన్మ ఉండదు."

మొదటిసారి మరీ లోతు.
స్టిక్కరూ, దాని కింది కాగితమూ,
దాని కింద జిగురు చాపా, మూడూ తెగాయి.
రెండోసారి భయంతో మరీ పైపైన,
గీత పడిందే గాని ఏదీ ఊడి రాలేదు.
గోడవతల నైట్ డ్యూటీ వాళ్ళు పడుకున్నారని
మిషన్ కింద దుప్పటి మడత వేశాను.
మూడు, నాలుగు, నాలుగున్నర…
పదకొండు దాటాక గాని తెలియలేదు,
బ్లేడుకు నేర్పాల్సింది కోయడం కాదు, ఆగడం.
పాలు కదలకుండా మీగడ తీసినట్టు
పై పొర తెగాలి, కింది పొరకు తెలియకూడదు.

తెలుగు అక్షరం ఒక్క ముక్క కాదని
ఇన్నేళ్ళు రాస్తూ గమనించనే లేదు.
'పకీరప్ప' అని కోస్తే
తలకట్లు ఎగిరి నా మోచేతికి అంటుకున్నాయి.
వత్తు ఎటో పోయింది.
'ర' పొట్టలోని బిళ్ళను
సూదితో లేపుతుంటే తుమ్మొచ్చింది,
అంతే, దాన్ని మళ్ళీ చూడలేదు.

ఈ పేర్లన్నీ మస్తాన్‌బీ మెస్సు కోసం.
నలభై రెండు కారియర్లు.
మార్కరుతో రాసిన పేర్లు తోమగానే పోతాయి.
మొన్న షుగరున్న సుంకన్న జొన్నరొట్టెలు
ఇంకెవరికో వెళ్ళి,
ఆయన గిన్నెలో సేమియా పాయసం తేలింది.
(కిమ్మనకుండా తాగేశాడట.)

తెల్లారి లేబుళ్ళు పట్టుకెళితే
పిండి చేతుల్తో ఒక్కోటీ తిప్పి చూసింది.
"అందంగానే ఉండాయి గాని
నాకు సదువు యాడిదిమ్మా?
పకీరప్ప గిన్నె మూతకు సొట్ట,
వాని పేరు అదే."

రాత్రంతా పడిన కష్టం
అక్కడే పొయ్యి గట్టు మీద పెట్టి
టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు బొమ్మలు కోస్తున్నాను.
పకీరప్పకు క్రేను.
సుంకన్నకు, అడక్కుండానే, కాకరకాయ.
బకాలా కుర్రాడికి కోడిగుడ్డు,
వాడి వంతు వచ్చేసరికి నాకు నిద్రొచ్చింది మరి.
ఒకరికి గాలిపటం, ఒకరికి గొర్రె, ఒకరికి తాళంచెవి.
ఒంటె కావాలన్నవాడు ఒక్కడూ లేడు.

నిన్న తాళంచెవి వాడు కాన్సిల్ కొట్టించుకుని వెళ్ళిపోయాడు.
ఒలిస్తే బొమ్మ వచ్చింది,
జిగురు అంచు మిగిలింది.
దాని మీదే ఇంకో కొత్తవాడికి చేప అంటించాం,
తోక కింద తాళంచెవి పళ్ళు ఇంకా కనిపిస్తాయి.

సాయంత్రం మస్తాన్‌బీ మెట్లెక్కి వచ్చింది,
ఆయాసపడుతూ, కొంగు నోటికడ్డం పెట్టి:
"నా పేరు కొయ్యి, ఒకసారి.
ఎట్లుంటాదో సూస్తా."

నాలుగున్నర మీద పెట్టి కోశాను.
సూదికి తగిలి 'త' వత్తు విడిగా లేచింది.
"ఈ తునకేంది?"
"నీ పేరులోదే. విడిగా పలకదు."
"పలకదా," అంటూ బొటనవేలితో నెమ్మదిగా
దాన్ని దాని చోటికి తోసింది.

దేనికి అంటించను అంటే
తల అడ్డంగా ఊపింది.
అంటిస్తే మల్ల నాతో యాడికొస్తాది అని
కింది కాగితంతో సహా మడవకుండా
బతాకా కవర్లో దోపుకుంది.

తలుపు దగ్గర ఆగి,
"రేపు రొయ్యలొండుతా, నీ గిన్నె పంపు."

నా గిన్నెకే ఇంకా ఏ బొమ్మా లేదు.