గుల్ల విడిచే రాత్రి

అమావాస్యకు మేత తగ్గించమన్నాడు ఓనరు.
ఇస్కపల్లి ఉప్పుగాలికి టార్చీ కూడా తుప్పుపట్టింది,
రెండుసార్లు తొడకేసి కొడితేగాని వెలగదు.

చెక్ ట్రే లేపాను.
మేత మేతగానే ఉండాది. పక్కన ఒక రొయ్య.
పట్టుకుంటే గాలి.
మీసాలుండాయి, కాళ్లుండాయి,
కంటి మీది పొర కూడా ఉండాది,
లోపల ఆసామీ లేడు.

"మెడకాడ చిట్లి, ఒక్క తోక విదిలింపుతో
బయటికి దూకేస్తాయి మామా" అన్నాడు మస్తానయ్య,
హేచరీలో పనిచేసొచ్చినోడు.
కొత్త గుల్ల గట్టిపడేలోపు
నీళ్లు తాగి ఉబ్బుతాయంట.
పెరగడమంటే అంతేనంట:
పెంకు ఇరుకైన రోజులు కొన్ని,
పెంకే లేని రాత్రి ఒకటి.

టైగర్ రొయ్యల్లో ఆడది
ఆ మెత్తని గడియలోనే మగదాన్ని రానిస్తుందంట.
మిగతా నాళ్లంతా తలుపు మూతే.

హేచరీకి అంత ఓపిక ఏడుండాది?
తల్లిరొయ్యకు ఒక కన్ను నలిపేస్తారు,
నాలుగైదు రోజులకి గుడ్లు.
నువ్వెన్ని నలిపావురా అంటే
మస్తానయ్య బీడీ ఆర్పేసి
గట్టు మీద మట్టి గీకతా కూర్చున్నాడు.

ఏరేటర్ ఒకటి ఆగింది. పోయి తన్నాను, తిరిగింది.
ఈ పూట గుంటలో గాలి తగ్గిందా,
మెత్తవి లేవలేవు,
లేచినవి వాటినే తింటాయి.

నీళ్లలో దిగి చేతులు కడుక్కుంటుంటే
మడమకాడ ఏదో తగిలింది, చల్లగా,
ఎముక లేని వేలు మాదిరి.
టార్చీ వెయ్యలేదు.
కాలు కూడా కదపలేదు,
చానా సేపు.